వృద్ధాశ్రమముల భద్రత: మన బాధ్యత

(భిలాయి, హథ్‌ఖోజ్‌లో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవములయందు సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో మాటలాడుట ఆచారము. కార్యవర్గమువారు నన్ను పిలిచినప్పుడు నేనును అట్టి విషయమునే ఎన్నుకొనవలెనని తలచితిని. బి.ఏ.లో చదివిన నాలుగు కావ్యములు ఇంకను మనస్సున ఏదో మూల మిగిలియున్నవి. కాని ఈ ఊరికి వచ్చినప్పుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చు సంగతి వేరొకటి కలదు. దానిని దాచి మరియొకటి చెప్పుట ఆత్మవంచన యగును. వృద్ధాశ్రమములయందలి భద్రత, వాని నిర్వహణము అనునదియే నేటి నా విషయము. ఇది పండుగనాడు చెప్పదగిన మాటయా అని కొందరికి తోచవచ్చును. ఇంటిల్లిపాది ఒకచోట కూడు దినము ఇదియే గనుక, నేడే చెప్పవలెనని నాకు తోచినది.

భిలాయి తెలుగువారి చరిత్ర మీకు నేను చెప్పనక్కరలేదు. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. ఆ నాళ్లలో మన జిల్లాలనుండి ఎందరో యువకులు రైలెక్కి ఇచ్చటికి వచ్చిరి. కొందరు కర్మాగారమున చేరిరి, కొందరు చరోదా వైపు రైల్వేలో చేరిరి. పిమ్మట వచ్చినవారు ఈ హథ్‌ఖోజ్ పరిశ్రమలలో పనులు సంపాదించుకొనిరి. ఆనాటి ఇరువదేండ్ల యువకులలో నేడు మిగిలియున్నవారు ఎనుబదియైదేండ్లు దాటినవారు. వారి పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, సముద్రముల కావల ఉన్నారు. స్వగ్రామమున ఇల్లు పడిపోయినది, పలకరించువారును లేరు. ఇచ్చట తమను చూచుకొనువారు లేరు. కావున 'వృద్ధాశ్రమము' అను మాట మన ఇండ్లలో మెల్లమెల్లగా, తలుపు వేసికొని, వినబడుచున్నది.

తలుపు వేసికొని మాటలాడుటయే మొదటి ప్రమాదమని నా అభిప్రాయము. సిగ్గుపడి చేయు పనిని మనము నలుగురిని అడిగి చేయము, సరిగా విచారించి చేయము. వృద్ధులను పోషించు భారము కుటుంబముతోపాటు రాజ్యమునకును కలదని మన ప్రాచీనులే యెరుగుదురు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అనాథులను, వృద్ధులను, రోగులను రాజు పోషింపవలెనని విధించినాడు. శక్తి యుండియు తల్లిదండ్రులను పోషింపనివానికి పన్నెండు పణములు జరిమానా అని కూడ అక్కడనే చెప్పినాడు. మన రాజ్యాంగము 41వ అధికరణమున వార్ధక్యమునందు ప్రభుత్వ సహాయమును ఆదేశించినది. భిలాయి ఉక్కు కర్మాగారము ఆదరణలో నడచిన గృహమునకు 'సియాన్ సదన్' అని పేరు. 'సియాన్' అనగా ఛత్తీస్‌గఢీ భాషలో పెద్ద, అనుభవజ్ఞుడు. పేరు ఎంత గౌరవముగా ఉన్నదో చూడుడు. ఆశ్రమమునకు పంపుట పాపమా కాదా అను చర్చ నేడు నాకు వద్దు. పంపిన పిమ్మట అక్కడ రాత్రి రెండు గంటలకు ఏమి జరుగుచున్నదో మనకు తెలియునా, అనునదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన పుట్టలేదు. మా పెద్దమ్మవలన పుట్టినది.

ఆమె శ్రీకాకుళం జిల్లానుండి కోడలుగా ఈ ఊరికి వచ్చి యేబదియేండ్లు కాపురము చేసినది. సంతలో కూరలమ్మువారితో హిందీలో బేరమాడి ఓడిన దినము లేదు. పెదనాన్నగారు పోయిన కొన్నేండ్లకు ఆమెకు మరపు రోగము వచ్చినది. మొదట పేర్లు మరచినది, పిమ్మట వీధులు మరచినది. తరువాత విచిత్రముగా హిందీ మొత్తము మరచి, చిన్ననాటి తెలుగు మాత్రమే మిగిలినది. ఈ రోగమున ఇది చాలమందికి జరుగుననియు, తరువాత నేర్చిన భాష ముందు పోవుననియు వైద్యులు చెప్పుదురు. మా అన్నయ్య ఉద్యోగము దూరదేశమున. ఆమెను వేరొక పట్టణమున ఒక ఆశ్రమమునందు చేర్చితిమి. దాని పేరు ఇక్కడ అనవసరము.

ఆ ఆశ్రమమును ఎన్నుకొన్నవాడను నేనే. ఆదివారము పగలు పదకొండు గంటలకు పోయి చూచితిని. వాకిట తులసికోట, వెనుక కూరగాయల మడి, గోడమీద దేవుని పటములు. ఉప్మా పెట్టిరి, బాగున్నది. సందర్శకుల పుస్తకమున 'ఏర్పాట్లు సంతృప్తికరముగా ఉన్నవి' అని నా హోదాతో సహా వ్రాసి సంతకము చేసితిని. ఇరువదేండ్లు ఫైళ్లపై అట్టి వాక్యములు వ్రాసిన చేయి గదా!

ఒకనాటి సాయంకాలము పెద్దమ్మ "కళ్లు తిరుగుతున్నాయర్రా, కళ్లు తిరుగుతున్నాయి" అని ఆయాతో చెప్పినదట. ఆ పిల్లకు తెలుగు రాదు. పాపము, నిర్లక్ష్యము చేయలేదు. నాలుగు తెలుగు ముక్కలు వచ్చిన కాపలాదారుని పిలిచి అడిగినది. అతడు 'కళ్లు' అను మాటను మాత్రము పట్టుకొని, కన్నులకేదో బాధ యని చెప్పినాడు. ఆమె కంటిలో చుక్కల మందు వేసి పడుకొనబెట్టిరి. రాత్రి ఆమె ఒక్కతె లేచి స్నానాల గదికి పోయి పడిపోయినది. ఉదయము ఆరు గంటలకు చూచిరి. తుంటి యెముక విరిగినది. తరువాత ఎనిమిది నెలలు బ్రదికినది గాని మరల నడువలేదు.

మేము పోయి రాత్రి రిజిస్టరు అడిగితిమి. పన్నెండు గంటలకు 'అంతయు క్షేమము', రెండు గంటలకు 'అంతయు క్షేమము', నాలుగు గంటలకు 'అంతయు క్షేమము' అని ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో, ఒకే పర్యాయము వ్రాసియున్నది. ఆ పుటను చూచినప్పుడు నాకు కోపము రాలేదు. సందర్శకుల పుస్తకమున నేను వ్రాసిన వాక్యము జ్ఞప్తికి వచ్చినది. రెండును ఒక జాతి వ్రాతలే. చూడక చూచినట్లు వ్రాసినవే.

ఇక చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. వృద్ధులను విడిచివేసినవారికి మూడు నెలల వరకు ఖైదు గాని, అయిదు వేల రూపాయల వరకు జరిమానా గాని, లేక రెండును గాని విధింపవచ్చునని 24వ విభాగము. 19వ విభాగము ప్రకారము రాష్ట్ర ప్రభుత్వము జిల్లాకు కనీసము ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములు స్థాపింపవచ్చును. వాని నిర్వహణకు ప్రమాణములు నిర్ణయింపవచ్చును. ఫైళ్లలో బ్రదుకువాడను గనుక ఒక సంగతి మనవి చేయుదును. అక్కడ 'వచ్చును' అని యున్నది గాని 'వలెను' అని లేదు. కార్యాలయపు భాషలో ఈ రెండు ప్రత్యయముల నడుమ ఒక జీవితకాలము ఇమిడిపోవును.

2009లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు నమూనా నియమములు పంపినది. పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్లు, అనగా సుమారు ఎనుబది చదరపు అడుగులు ఉండవలెననియు, వంటిల్లు, భోజనశాల, వైద్యపు గది మున్నగువానితో కలిపి 12 చదరపు మీటర్లు ఉండవలెననియు అందులో కలదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, జిల్లాలవారీగా వృద్ధాశ్రమములెన్ని, అక్కడి వైద్య సదుపాయములేమి అను వివరములు సేకరింపుడని కేంద్రమును ఆదేశించినది. చట్టము వచ్చిన పదకొండేండ్లకు, ఉన్నవెన్ని యని లెక్క అడుగవలసి వచ్చినది!

'ప్రమాణము' అను మన మాటకు రెండర్థములు కలవు. ఒకటి కొలత, రెండవది ఒట్టు. వృద్ధుల విషయమున ఈ రెండును ఒక్కటే కావలెను. 'అమ్మను బాగుగా చూచుకొందుము' అని నిర్వాహకుడు వేయు ఒట్టు, ఇన్ని అడుగులు, ఇంతమంది మనుషులు, ఇన్ని గంటలకొకసారి అను కొలతలోనికి దిగవలెను. కొలతలేని ఒట్టు గాలికి పోవును.

ఇట్లు ఏల అనుచున్నానో కొన్ని ఉదాహరణములు చూపుదును. 1957 ఫిబ్రవరిలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున వారెంటన్ అను ఊరిలో వృద్ధుల గృహము తగులబడి 72 మంది చనిపోయిరి. 2014 జనవరిలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున లిల్-వెర్త్ అను ఊరిలో అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇట్టి ప్రమాదమే జరిగి 32 మంది మరణించిరి. ఆ తరువాతనే, మంట పుట్టగానే పైకప్పునుండి నీరు చిమ్మునట్టి యంత్రములను అక్కడి వృద్ధ గృహములయందు తప్పనిసరి చేసిరి. మన దేశమున 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో మనోరోగుల పాకకు నిప్పంటుకొని 28 మంది మరణించిరి. వారు గొలుసులతో కట్టబడియుండిరి, పరుగెత్తలేకపోయిరి. 2017 మానసిక ఆరోగ్య చట్టము మనిషిని ఏ విధముగను గొలుసులతో కట్టరాదని నిషేధించినది. అయినను 2020 జనవరిలో హైదరాబాదు దాపున నాగారములో, అనుమతి లేక నడచుచున్న ఒక గృహమునుండి డెబ్బదిమందిని పోలీసులు విడిపించినప్పుడు, కొందరు గొలుసులతోనే కనబడిరి. ఢిల్లీ నగరములో సంపన్నులుండు గ్రేటర్ కైలాస్‌లో 2023 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున వృద్ధ గృహమున అగ్నిప్రమాదము జరిగి ఇరువురు స్త్రీలు చనిపోయిరి. కావున ఇది పేదరికమునకు మాత్రమే పట్టిన పీడ కాదు.

ఇట్టి దుర్ఘటనలు ఎన్నియో రాత్రివేళ, తెల్లవారుజామున జరుగుచున్నవి. అప్పుడు మేలుకొని యుండు మనుషులు తక్కువ. తలుపులకు తాళములుండును. లోపలివారు తమంతట తాము నడువలేరు. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో వృద్ధుల గృహములను అనాథశరణాలయములతో కలిపి ఒక తరగతిలో ఉంచిరి. ఆ తరగతికి ఒకవైపు ఆసుపత్రులు, మరియొకవైపు కారాగారములు. ఆశ్రమము ఏ వైపునకు ఒరుగునో దాని తాళపుచెవి చెప్పును. ఆ చెవి ఎవరియొద్ద ఉన్నది, అతడు రాత్రి ఎక్కడ పడుకొనును, రెండవ చెవి ఎక్కడ వ్రేలాడుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు వెంటనే జవాబు రానిచోట తులసికోట ఎంత పచ్చగా నున్నను లాభము లేదు.

ఈ మాట ఉక్కునగరవాసులకు వేరుగా వివరింపనక్కరలేదు. 2014 జూన్‌లో ఇక్కడి కర్మాగారమున విషవాయువు వలన ఆరుగురు ప్రాణములు కోల్పోయినదియు, 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ వాయువు గొట్టము పేలినదియు మీరు మరచియుండరు. నియమము ఏల పుట్టునో, దానిని విడిచిన ఏమగునో మీకు తెలిసినంత సచివాలయమువారికి తెలియదు. వాయువుండు చోటికి ఒంటరిగా పోరాదు. రిలీవరు రానిదే చోటు విడువరాదు. దిగువాడు ఎక్కువానికి, ఏ యంత్రము ఎట్లున్నదో నోటితో చెప్పి, పుస్తకమున వ్రాసి అప్పగింపవలెను. యంత్రమునకు ఇంత మర్యాద చేయు ఊరిలో, ఆ యంత్రమును నిలబెట్టిన మనిషికి ముసలితనమున అంత మర్యాద జరుగవలదా? 'ఏడవ నంబరు మంచము అమ్మ సాయంకాలమునుండి తల తిరుగుచున్నదనుచున్నది, రాత్రి ఒంటరిగా లేవనీయకుము' అని ఒక ఆయా మరియొక ఆయాకు అప్పగించియుండిన, మా పెద్దమ్మ తుంటి విరిగియుండెడిది కాదు.

అగ్నిప్రమాదము అరుదు. నిత్యము జరుగునవి చిన్న ప్రమాదములు. అరువదియైదేండ్లు దాటినవారిలో ఏటేట నూటికి 28 నుండి 35 మంది పడిపోవుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన నివేదికలో చెప్పినది. తడి నేల, వెలుతురు లేని నడవ, పట్టుకొనుటకు కడ్డీ లేని స్నానాల గది, వదులు చెప్పులు, నిద్రమందు: ఇవియే కారణములు. వేడినీరు మరియొకటి. వృద్ధుల చర్మము పలుచన, చేయి వెనుకకు తీయుట ఆలస్యము. బ్రిటన్‌లో ఇట్టి గృహములయందు స్నానపు కొళాయి నీరు 44 డిగ్రీలు దాటరాదని నియమము. మన గీజర్లకు అట్టి హద్దు ఎవరు పెట్టుచున్నారు? మంచము పట్టినవారిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు తిప్పనిచో వీపున పుండ్లు పడును. మందుల విషయమున ఒకరి బిళ్ల మరియొకరికి పోవుట, ఉదయపు బిళ్ల రెండుమార్లు పడుట సులభము. ఈ ప్రాంతపు మే నెల 'లూ' గాలిలో దప్పిక తెలియని ముసలివారు నీరు త్రాగక సొమ్మసిల్లుదురు. వీనిలో ఏదియు దైవికము కాదు. ప్రతిదానికి ఒక కాగితము, ఒక మనిషి, ఒక వేళ నియమించిన చాలును.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. చాల ఆశ్రమములు ఎవరో పుణ్యాత్ములు చందాలతో నడుపుచున్నవి. చదరపు అడుగులు, యంత్రములు అని గట్టిగా పట్టినచో అవి మూతపడును. అందున్నవారు వీధిన పడుదురు. ఈ భయము నిజమే. నేనును ఆలోచించితిని. నా సమాధానమేమనగా, డబ్బు పట్టు ప్రమాణములకు గడువు ఇయ్యవచ్చును, సహాయమును ఇయ్యవచ్చును. డబ్బు పట్టని ప్రమాణములకు ఒక దినము కూడ గడువు ఇయ్యరాదు. నడవలో మంచములు, పెట్టెలు లేకుండ చేయుటకు ఖర్చేమి? బయటి తలుపు తాళపుచెవిని ప్రక్కనే మేకుకు తగిలించుటకు ఖర్చేమి? నడువగలవారెవరు, ఎత్తుకొని పోవలసినవారెవరు అను జాబితా గోడకు అంటించుటకు, మూడు నెలలకొకసారి అందరిని బయటికి తెచ్చి ఎన్ని నిమిషములు పట్టినదో చూచుటకు, రిజిస్టరు నిజముగా చూచి వ్రాయుటకు ఖర్చేమి? చేయనిది చేసినట్లు వ్రాయకుండుటకు కావలసినది డబ్బు కాదు.

ఆయాల మాటయు చెప్పవలెను. పన్నెండు గంటలు నిలబడి, ఇరువదిమందిని ఒక్కతె చూచుకొను పిల్ల రాత్రి రెండు గంటలకు కునుకు తీయుట దోషమని నేననజాలను. ఒంటరిగా ఆమెను అక్కడ నిలిపినవారిది దోషము. తక్కువ రుసుమునకు సంతోషించి, మనుషులెందరని అడుగని మనది కూడ.

కావున మన కర్తవ్యమేమి? తనిఖీ అధికారి ఏడాదికొకసారి రావచ్చును, రాకపోవచ్చును. నిజమైన తనిఖీ అధికారులు కుటుంబీకులే. చేర్చుటకు ముందు పగలు ఒకసారి, రాత్రి భోజనములైన పిమ్మట ఒకసారి పోయి చూడుడు. రాత్రి మేలుకొని యుండువారెందరని అడుగుడు. స్నానాల గదిలోనికి మీరే పోయి కడ్డీ పట్టుకొని లాగి చూడుడు. పడిపోయినవారి సంగతి వ్రాయు పుస్తకము చూపుమనుడు. ఒక్కరును పడలేదని యున్నచో సంతోషింపకుడు, అనుమానింపుడు. రుసుము, సేవలు, ఆసుపత్రికి చేర్చు బాధ్యత కాగితముమీద వ్రాయించుకొనుడు. చేర్చిన పిమ్మట చెప్పకుండ పోవుచుండుడు. ఎవరును రాని మంచమునకే అన్యాయము ముందు జరుగును. అన్యాయము కనబడినచో 14567 అను వృద్ధుల సహాయవాణి కలదు. అది ముందుగా హైదరాబాదులో మొదలై, 2021లో దేశమంతటికి వచ్చినది.

చివరిగా, తెలుగు సంఘములు మాత్రమే చేయగల పని ఒకటి కలదు. ఇచ్చటి ఆశ్రమములయందలి మన పెద్దలకు భాషయే మొదటి రక్షణ. నలుబది తెలుగు మాటలు, వాని అర్థములు దేవనాగరి లిపిలో ఒక అట్టమీద అచ్చువేసి మంచము తలాపున తగిలింతము. నొప్పి, దప్పిక, చలి, ఆయాసము, గుండె దడ, మూత్రము, భయము. వానిలో మొట్టమొదటి పంక్తి 'కళ్లు తిరుగుతున్నాయి' అని ఉండవలెను. దాని యెదుట 'ఇది కన్నుల బాధ కాదు, తల తిరుగుట. ఒంటరిగా లేవనీయవలదు' అని వ్రాయవలెను. వారమునకొక కుటుంబము వంతున పోయి, అచ్చటి పెద్దలతో అరగంట తెలుగు మాటలాడి రావలెను. సంఘమువారు అంగీకరించినచో ఆ అట్టల అచ్చు ఖర్చు నేను భరింతును. మొదటి వంతును నాదే.

చట్టము 'వచ్చును' అన్నచోట 'వలెను' అనుకొనుట మన చేతిలోని పని. మరియొక విన్నపము. ఇకమీదట ఏ ఆశ్రమమునందైనను సందర్శకుల పుస్తకము మీ ముందు పెట్టినప్పుడు, 'సంతృప్తికరము' అని వ్రాయుటకు ముందు కలము ఒక నిమిషము ఆపుడు. ఏమి చూచితిరో అది మాత్రమే వ్రాయుడు. నేను ఆనాడు అట్లు వ్రాయలేదు.